తణుకు నుంచి 1969 డిలైట్ దిగింది. ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

తణుకు_డిలైట్ | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ మీ బళ్ల కబుర్లు చదువుతూ గోడ మీద పిల్లిలా కూర్చున్నాను. ఇవాళ దూకేశాను.

మా తాతగారి ఫియట్ 1100 డిలైట్, 1969 మోడల్. ఈ తెల్లవారుజామున హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగులో దిగింది. తాతగారు తణుకు దగ్గర పల్లెలో డాక్టరు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో దీన్ని ఇప్పటికీ "డాక్టరు గారి కారు" అనే అంటారు. 1994 సంక్రాంతి తర్వాత బండి కదల్లేదు. ధాన్యం కొట్టు పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లు పడుంది. దాని మీద కొబ్బరి మట్టలు, పాత మంచం, వినాయకచవితి పందిరి గుంజలు. అవన్నీ తీశాక వెనక సీటు కింద మూరన్నర పాము కుబుసం దొరికింది. పాము దొరకలేదు. బల్ల లారీ డ్రైవరు దారి పొడుగునా అద్దంలో వెనక్కి చూసుకుంటూనే వచ్చాడు.

వెనక ఎడమ చక్రం బొత్తిగా తిరగలేదు. పదిమంది పట్టి లేపితే గానీ లారీ ఎక్కలేదు. ఇంజిను అసలుదే. గేరు లివరు స్టీరింగు దగ్గరే ఉంది, ఎవరూ కిందికి మార్చలేదు. అద్దాలన్నీ ఉన్నాయి. ఒక టెయిల్ లాంపు అద్దం, ముందు బ్యాడ్జీ పోయాయి. ఎలుకలు సీట్ల కొబ్బరి పీచు మొత్తం లాగి డిక్కీలో కాపురం పెట్టుకున్నాయి.

మా వీధి చివర పెయింటరు మూడు వారాల్లో రంగు పూర్తి చేసిస్తానన్నాడు. మా ఆవిడ ఆకుపచ్చ అంటోంది, నాకు నలుపు మీద మనసు. ముందు రంగు వేయించేసి ఇంజిను సంగతి తర్వాత చూసుకుందామనుకుంటున్నాను. ఏమంటారు?

---

పెద్ద_పానా | శనివారం, రాత్రి 11:15

ఆగండాగండి బాబూ. పెళ్లిచూపులే అవలేదు, అప్పుడే శుభలేఖలకి రంగు అడుగుతున్నారు.

నలభై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో చేశాను. ఫియట్లు కొన్ని వందలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ముప్పై ఏళ్లు ఆగిన బండికి మొదటి వారంలో చేసేవాటికంటే చెయ్యకూడనివే ఎక్కువ. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు. నలుగురితో తోయించి గేర్లో వేసి లాగొద్దు. ట్యాంకులో కొత్త పెట్రోలు పోయొద్దు. ఈ మూడూ మానుకుంటే మీ ఇంజిను సగం బతికినట్టే.

ప్లగ్గులు నాలుగూ విప్పండి. ఒక్కో బోరులో (సిలిండరులో) రెండు చెంచాల డీజిలు, ఒక చెంచా ఇంజిన్ ఆయిలు పోసి గుడ్డ కప్పి మూడు రోజులు వదిలెయ్యండి. రోజుకోసారి కాస్త పొయ్యండి. ఈలోగా టాపెట్ కవరు (వాల్వుల మీది మూత) విప్పి చూడండి. ఇది పుష్ రాడ్ల ఇంజిను, అంటే వాల్వుల్ని సన్నటి రాడ్లు ఆడిస్తాయి. ఒక్క ఎగ్జాస్టు వాల్వు గైడులో పట్టేసి ఉన్నా, మీరు తిప్పగానే రాడ్డు వంగుతుంది. ఎనిమిది వాల్వులనీ చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. కిందికి పోయి తిరిగి పైకి లేస్తే మంచిదే. లేవకపోతే అక్కడే ఆగి ఫొటో పెట్టండి.

నాలుగో రోజు క్రాంకు పుల్లీ నట్టుకి పెద్ద పానా వేసి (నా పేరు ఊరికే పెట్టుకోలేదు) అటో వేలెడు ఇటో వేలెడు ఆడించండి. బలం పెట్టొద్దు. నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపినట్టు లేపాలి.

---

తుప్పు_మాస్టారు | ఆదివారం, ఉదయం 7:02

పెద్దాయన మాట శిరోధార్యం, కానీ నేను ఇంజిను దగ్గర మొదలుపెట్టను. ఇంజిను పోతే ఇంకోటి దొరుకుతుంది. ఇదే 1089 సీసీ ఇంజిను, ఈ బండికే తర్వాతి రూపమైన పద్మినిలో తొంభైల చివరిదాకా వచ్చింది. బాడీ పోతే బండే పోయినట్టు.

ఫియట్‌కి అంబాసిడర్ లాంటిదే జబ్బు. విడి చేసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే చేసిస్. డోర్ల కింద పొడుగునా పోయే పెట్టెలాంటి భాగం, దాని మీదున్న జాకీ పాయింట్లు, పెడల్స్ కింది నేల, వెనక కమాను కట్టల కొక్కేలు, డిక్కీలో స్టెప్నీ గుంట. ఈ అయిదు చోట్లా స్క్రూడ్రైవరు పిడితో కొడుతూ వెళ్లండి. ఠంగుమంటే రేకు, దబ్బుమంటే పుట్టీ, ఏ చప్పుడూ లేకుండా పిడి లోపలికి దిగితే దేవుడే దిక్కు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం బిళ్ల కూడా పట్టుకెళ్లండి. అతుక్కోని చోటల్లా ఒకప్పుడు ఎవరో పుట్టీతో మెత్తిన గుంట ఉందన్నమాట.

తణుకు అన్నారు కదా, కాలవల ఊరు. నేల చెమ్మకి పైన రంగు మెరుస్తూ ఉంటుంది, కింద రేకు అప్పడమైపోతుంది. రంగు గురించి ఇప్పుడు మాట్లాడటం అనవసరం.

---

బర్కత్‌పుర_పద్మిని | ఆదివారం, ఉదయం 9:30

అన్నా, నా కథ ఇను, నీకు అక్కరకొస్తది. నాది 84 పద్మిని. నేను గూడ గిట్లనే ఆగమాగం ముందు రంగు ఏపిచ్చిన. మస్తుగ మెరిసింది, గల్లీ పోరలంత సెల్ఫీలు దిగిండ్రు. ఆరు నెలలకు డోర్ల కింద రంగు బుడగలు బుడగలు లేసింది. ఇప్పి చూస్తె లోపట తుప్పు గట్లనే ఉన్నది, పైకెల్లి పుట్టీ పెట్టి కొట్టిండు. ఆ పెయింటర్ పేరు చెప్పను, మంచోడే, నేనే తొందర వెట్టిన.

గంతకంటె పెద్ద లొల్లి ఇంకోటి. బానెట్ కింద ఉండే చేసిస్ నంబర్ మీద సుత పుట్టీ పూసి రంగేసిండు. ఫిట్నెస్‌కు పోయిననాడు నంబర్ ఏదని అడిగితె చూపెట్టనీకి లేదు. ఎండల నిలబడి బ్లేడుతోని గీకినం. నువ్వు ఇయ్యాలనే ఆ నంబర్ మీద కాయితం పెట్టి పెన్సిల్‌తోని రుద్ది అచ్చు తీసుకో. ఫొటో సుత తియ్యి. తర్వాత ఎవనికి బండి ఇచ్చినా అక్కడ టేప్ అంటించి ఇయ్యి.

---

హెరాల్డ్_అక్క | ఆదివారం, ఉదయం 11:48

ఫియట్ వాళ్లని చూస్తే జాలేస్తుంది. మా స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులో పుట్టింది, చేసిస్ వేరు, బాడీ వేరు. బోల్టులిప్పి బాడీని ముక్కలుగా పక్కన పెట్టేస్తా. బానెట్ మొత్తం ముందుకి పడుకుంటే టైరు మీద కూర్చుని ఇంజిను పని చేసుకుంటా. కాకపోతే ఒక టెయిల్ లాంపు కోసం నేను మూడేళ్లు తిరిగాను, మీకు మూడు ఫోన్ల పని.

పని ముచ్చట మీకు పెద్దలు చెప్తున్నారు, నాదొక ఆడపడుచు సలహా. ఏ నట్టు విప్పినా ఫొటో, చిన్న జిప్ కవరు, దాని మీద పేరు. నేను మొదట్లో అన్నీ ఒక పెరుగు డబ్బాలో వేశాను. ఏడాదిన్నర తర్వాత ఆ డబ్బా ముందు కూర్చుని ఏడ్చాను.

ఇంకోటి. అసోసియేషన్ సెక్రటరీకి ముందే ఒక కాఫీ ఇచ్చి విషయం చెప్పెయ్యండి. పార్కింగులో ఆయిలు మరక పడ్డాక చెప్తే వేరేలా ఉంటుంది.

---

తణుకు_డిలైట్ | ఆదివారం, రాత్రి 9:20

సెక్రటరీ గారు పొద్దున్నే వచ్చేశారక్కా. "ఇదేంటండీ, ఎప్పుడు తీస్తారు?" అన్నారు. తర్వాత డోరు తీసి లోపలికి తొంగి చూసి, "మా నాన్నకీ ఇదే ఉండేది, బందరులో" అన్నారు. అట్టముక్కలు ఆయనే తెచ్చి కింద పరిచారు.

స్క్రూడ్రైవరు పరీక్ష చేశాను. డ్రైవరు వైపు డోరు కింద మూడు చోట్ల పిడి లోపలికి పోయింది. రెండో వైపు ఒక్కచోటే. పెడల్స్ కింద చాప ఎత్తితే మా పార్కింగు నేల కనపడింది. అయస్కాంతం ముందు కుడి రెక్కకి (మడ్‌గార్డుకి) అతుక్కోవడం లేదు. అక్కడ గేదె గుద్దిందని మా నాన్న చిన్నప్పటి కథ ఒకటి ఉంది, నిజమేనన్నమాట. వెనక కమాను కొక్కేలు మాత్రం గట్టిగా ఉన్నాయి.

బోర్లలో డీజిలు పోశాను. రెండో ప్లగ్గు రాలేదు, తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశా.

కాగితాల విషయం: ఆర్సీ తాతగారి పేరు మీదే ఉంది, పాత మూడక్షరాల నంబరు. ఆయన పోయి పదిహేడేళ్లు. ఇన్సూరెన్సు గురించి అడక్కండి.

---

ఫారం_ముప్పైఒకటి | సోమవారం, ఉదయం 6:15

నా పేరు చూస్తేనే తెలుస్తోంది కదా నా కష్టం.

యజమాని పోయాక బండి వారసుల పేరు మీదికి మారాలంటే ఫారం 31. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న సంతకాలు కావాలి. మీ నాన్నగారికి అన్నదమ్ములు, అప్పచెల్లెళ్లు ఎంతమందో లెక్కేసుకోండి. బండి తుక్కుగా ఉన్నప్పుడే సంతకాలు తీసుకోండి. మెరిసిపోతూ తయారయ్యాక అడిగితే "మా నాన్న కారు కదా" అని అందరికీ గుర్తొస్తుంది. నవ్వులాటకి చెప్పట్లేదు, మా ఇంట్లో ఇదే జరిగి రెండు పండగలు మాటల్లేకుండా గడిచాయి.

రెండోది, పాత బండి వివరాలు ఆన్‌లైన్‌లో ఉండకపోవచ్చు. అప్పుడు రిజిస్టరైన ఆఫీసులో పాత రిజిస్టరు చూసి బ్యాక్‌లాగ్ ఎంట్రీ వేయించాలి, అంటే ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించాలి. మీది తణుకు వైపు బండి, మీరుండేది హైదరాబాద్. అప్పుడు ఒకే రాష్ట్రం, ఇప్పుడు రెండు. బండి అడ్రసు ఇటు మార్చాలంటే ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి. అందుకని అక్కడి పనులన్నీ అక్కడే పూర్తి చేసుకుని రండి.

ఇక అసలు ప్రశ్న, ఏ దారిలో వెళ్తారని. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్లకి విడిగా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి కొత్తగా రిజిస్ట్రేషనైతే ఫీజు 20,000, మళ్లీ చేయించుకోడానికి 5,000. పదేళ్లు చెల్లుతుంది. కొత్త నంబరిస్తే మధ్యలో వీఏ అనే అక్షరాలుంటాయి, ఇప్పటికే నంబరున్న బండి పాతది ఉంచుకోవచ్చు. కానీ మెలిక ఉంది. ఆ దారిలో వెళ్తే రోజూ తిప్పడానికి కుదరదు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు, అంతవరకే. మీకు ఆదివారం పూట పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలని ఉంటే మామూలు రెన్యువల్ దారే మేలు. ఫారం 25, ఫిట్నెస్, అయిదేళ్లకోసారి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకి 10,000.

---

ఎడిసన్_నుంచి | సోమవారం, ఉదయం 8:40

న్యూజెర్సీ నుంచి రాస్తున్నా. 1100డీ ఇక్కడ కూడా అరవైల్లో అమ్మారు, అందుకని డోర్ల రబ్బర్లు, అద్దాల చుట్టూ రబ్బర్లు ఇటలీ, అమెరికా దుకాణాల్లో కొత్తవి దొరుకుతున్నాయి. ఓడ ఖర్చు, కస్టమ్స్ కలిస్తే గుండె జారుతుంది. ముందు అక్కడే వెతకండి. డిసెంబర్లో వస్తా, చిన్న సామాన్లయితే సూట్‌కేసులో పెట్టుకొస్తా. ఆవకాయ జాడీకి బదులు.

మా నాన్న 65లో బుక్ చేస్తే కారు చేతికొచ్చేసరికి నేను పుట్టి నడక నేర్చానట. ఆ బండి అమ్మేశారు. ఈ కబుర్లు చదువుతుంటే ఏదోలా ఉంది.

---

పెద్ద_పానా | సోమవారం, మధ్యాహ్నం 1:30

సామాను దిగులు పెట్టుకోకండి. దేశంలో ఫియట్ సామాను ఇన్నేళ్లు బతికింది బొంబాయి ట్యాక్సీల వల్ల. 2023 అక్టోబరు చివర్లో ఆఖరి పద్మిని ట్యాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది. విప్పిన సామాను ఇంకా కుర్లా వైపు, మద్రాసు పుదుపేటలో, మన రాణీగంజ్‌లో పాత కొట్ల అటకల మీద దొరుకుతోంది. ఒక జాగ్రత్త. బ్రేకు వీల్ సిలిండర్ల కిట్లు, క్లచ్చు ప్లేటు, ప్యాకింగులు పద్మినివి ధైర్యంగా వాడండి. గ్రిల్లు, బ్యాడ్జీలు, లాంపుల దగ్గర మాత్రం డిలైట్‌వే వెతకండి. పద్మిని ముందు భాగం తగిలించారంటే దూరం నుంచే తెలిసిపోతుంది, తాతకి మనవడి టోపీ పెట్టినట్టు.

పెట్రోలు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తా. మీ తాతగారి కాలం పెట్రోలు కాదిది. ఇప్పుడు బంకులో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసింది. పాత రబ్బరు పైపుల్ని అది మెత్తబెడుతుంది, పంపులో డయాఫ్రంని (పల్చటి రబ్బరు పొరని) ఉబ్బిస్తుంది. పైగా గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలబెడితే ట్యాంకు అడుగున నీళ్లు తేరి మళ్లీ తుప్పు. ట్యాంకు దింపి, గులకరాళ్లో పాత నట్లో వేసి ఊపి కడగండి. పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వెయ్యండి. నెలకోసారైనా బండి తిప్పండి.

ఆ పట్టేసిన చక్రం: డ్రమ్ము మీద సుత్తితో ఊరికే బాదొద్దు, పోతపోసిన ఇనుము, పగులుతుంది. వెనక బ్లీడు నిపుల్ (బ్రేకు ఆయిలు వదిలే చిన్న మర) వదులు చేస్తే ముందు ప్రెషరు దిగుతుంది. హ్యాండ్‌బ్రేకు తీగ వదులు చెయ్యండి. అప్పుడు చుట్టూ మెల్లగా తట్టండి.

---

మట్టి_రంగు | సోమవారం, రాత్రి 10:05

నాదొక ఎదురు మాట. అసలు రంగు ఎందుకు వెయ్యాలి? ఆ గేదె గుద్దిన సొట్ట, ఆ గీతలు, అవన్నీ తీసేసి కొత్త షోరూం బండిలా చేస్తే అది డాక్టరు గారి కారు ఎలా అవుతుంది? తుప్పు ఆపండి, బ్రేకులు బాగు చెయ్యండి, ఇంజిను తిప్పండి. మిగతాది అలాగే ఉంచండి.

---

తుప్పు_మాస్టారు | సోమవారం, రాత్రి 10:31

వినడానికి బావుంది. నేల లేని బండిని అలాగే ఎలా ఉంచుతారు సార్? డోర్ల కింది పెట్టెలు కోసి కొత్త రేకు వెయ్యాలి, వేసిన చోట రంగు తప్పదు. మిగతా చోట పాతది ఉంచితే బొంతలా ఉంటుంది.

---

మట్టి_రంగు | సోమవారం, రాత్రి 10:40

బొంతలో తప్పేముంది? మా అమ్మమ్మ బొంత మా ఇంట్లో ఇంకా ఉంది.

---

హెరాల్డ్_అక్క | సోమవారం, రాత్రి 10:52

ఇద్దరూ పడుకోండి. బండి ఆయనది, తాత ఆయనకి తాత.

---

తణుకు_డిలైట్ | శనివారం, రాత్రి 8:10

వారం తర్వాత వస్తున్నాను, కబుర్లున్నాయి.

మంగళవారం రెండో ప్లగ్గు వచ్చింది. ఏడు వాల్వులు బాగానే ఆడాయి. నాలుగో బోరు ఎగ్జాస్టు వాల్వు కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. పెద్దాయనకి ఫొటో పంపితే, ఆ రాకరు (వాల్వుని నొక్కే చెయ్యి) వదులు చేసి, గైడులో కిరసనాయిలు చుక్కలు వేస్తూ పట్టకారుతో పట్టుకుని తిప్పమన్నారు. రెండు రాత్రులు పట్టింది. గురువారం పదకొండింటికి "టిక్" మని పైకి లేచింది. మా ఆవిడ నిద్రలోంచి లేచొచ్చి "ఏమైంది?" అంది. "లేచింది" అన్నా. "నన్ను కూడా లేపారు" అంది.

ఇవాళ పొద్దున్న పుల్లీకి పానా వేశాను. మొదట రాయిలా ఉంది. కాస్త వెనక్కి, కాస్త ముందుకి, పావుగంట. ఉన్నట్టుండి చేతి కింద మెత్తగా జరిగింది. పూర్తిగా రెండు చుట్లు తిప్పాను. నాలుగు ప్లగ్గు రంధ్రాల్లోంచి నల్లటి డీజిలు చిమ్మి నా చొక్కా మీద, సెక్రటరీ గారి చొక్కా మీద పడింది. ఆయన రోజూ వస్తున్నారు.

సంతకాలు కూడా అయిపోయాయి. తుక్కు ఫొటోలు చూపించి అడిగాను. మా చిన్నత్త "ఇంతేనా మిగిలింది" అని ఏడ్చి పెట్టేసింది. పెద్దనాన్న మాత్రం ఒక షరతు పెట్టాడు, బండి తయారయ్యాక మొదట ద్వారకా తిరుమల తీసుకెళ్లాలట, ముందు సీటు ఆయనదేనట.

---

తుప్పు_మాస్టారు | శనివారం, రాత్రి 8:45

శుభం. ఇప్పుడు నా మాట వినండి. బాడీ పని మొదలెట్టేముందు, డోర్లు విప్పి, ప్రతి డోరు ఖాళీకి అడ్డంగా ఇనుప పైపు టాక్ వెల్డింగు (తర్వాత తీసేసేలా చుక్కలతో అతుకు) చేయించండి. ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఒకటి, మూల నుంచి మూలకి ఒకటి. డోర్ల కింది పెట్టె కోసిన మరుక్షణం బండి నడుం జారుతుంది. బియ్యపు గింజంత జారినా కొత్త రేకు అక్కడే అతుక్కుంటుంది, తర్వాత జన్మలో డోరు సరిగ్గా పడదు. డోర్లు విప్పకముందే డోరు చుట్టూ సందు ఎంతుందో నాలుగు చోట్ల కొలిచి గోడ మీద రాసుకోండి.

ఒక వైపు కోసి, వేసి, కొలత సరిచూసుకున్నాకే రెండో వైపు. రేకు 20 గేజ్ చాలు. ఆర్క్ వెల్డింగు వద్దు, ఆ పల్చటి రేకుకి చిల్లులు పడతాయి. సీఓటూ వెల్డింగు ఉన్న షెడ్డు చూసుకోండి. శాండ్ బ్లాస్టింగు (ఇసుక చిమ్మి తుప్పు వదిలించడం) చేసేస్తామంటారు, బానెట్, డోర్ల మీద ఒప్పుకోకండి, రేకు అలలు తిరుగుతుంది.

---

బర్కత్‌పుర_పద్మిని | శనివారం, రాత్రి 9:12

అన్నా, నా బండి పని చేసిన వెల్డింగాయన ముసలాయన, గీ పైపుల ముచ్చట నేను చెప్పకముందే ఆయనే చేసిండు. నంబర్ పర్సనల్‌ల పంపిస్త. రంజాన్ నెలల మాత్రం పగటి పూట తొందర వెట్టకు.

---

తణుకు_డిలైట్ | ఆదివారం, సాయంత్రం 5:55

ఇంకో సంగతి. పైపులు వేసేముందు లోపలంతా ఖాళీ చేస్తున్నాను. డోరు అట్టలు విప్పాను, వెనక సీటు వీపు తీశాను. మనం చూస్తున్న తెల్ల రంగు అసలుది కాదు. దాని కింద లేత నీలం, నీలం కింద మరోటి. సీటు వెనక ఎండ తగలని చోట చెయ్యంత మేర ఆ మరోటి చెక్కుచెదరకుండా ఉంది. బూడిద కలిసిన ఆకుపచ్చ, మాగాణిలో నారు పోసిన వారానికి ఉండే రంగు. నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేను బడికెళ్లిన రోజుల్లో ఇదే రంగు" అన్నాడు.

మా ఆవిడ పక్కనుంచి "నేను ముందే చెప్పాగా, ఆకుపచ్చ" అంది. ఆ ముక్క ఇక్కడ రాయమని కూడా చెప్పింది.

గేదె సొట్ట ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. బుధవారం బండి వెల్డింగు షెడ్డుకి వెళ్తోంది. చేసిస్ నంబరు మీద టేపు వేశాను.

---

పెద్ద_పానా | ఆదివారం, సాయంత్రం 6:20

టేపు ఒక్కదాన్నే నమ్ముకోకండి. వెల్డింగు నిప్పురవ్వలకి టేపు కాలిపోతుంది.